గంపలో పరాయి చెయ్యి

ఒర్లియంపేట, పుదుచ్చేరి
9 జూన్ 2025

చిన్నబ్బాయి మామయ్యకి,

ఫోన్‌లో అరుస్తున్నానని, నీ మాట పూర్తికాకుండానే పెట్టేస్తున్నానని, ఇకమీద ఏమున్నా ఉత్తరం రాయమని హుకుం వేశావు కదా. రాస్తున్నాను. ఉత్తరంలో అరవడం కుదరదని నీ నమ్మకం. చివరిదాకా చదివి అప్పుడు చెప్పు.

నా ఉద్యోగం నీకు తెలుసు. ప్రకటనల కంపెనీలో తెలుగు అనువాదం. సబ్బు గురించి ఒకడు తమిళంలో అబద్ధం రాస్తే దాన్ని నేను తెలుగు అబద్ధం చేసివ్వాలి. అంతే. నా ఆర్డరు కాగితంలో బొమ్మల మాటే లేదు. నేను బొమ్మలు వేసేది వైతికుప్పంలో, వలలు దాచుకునే షెడ్డులో. ఆఫీసు అయ్యాక అక్కడ పిల్లలకి చదువు చెప్తున్నాను. లెక్కలంటే సముద్రంలోకి పారిపోతారు, కథంటే కదలరు. అందుకని గోడ మీద సుద్దముక్కతో అమ్మమ్మని వేశాను. నెత్తి మీద గంప, గంప కింద చుట్టకుదురు, ముక్కుకి రెండు వైపులా పుడకలు, వక్క నమిలి నమిలి ఒక పక్కకి ఒరిగిన నవ్వు. కథలో ఆవిడ కలెక్టరు ఇంటికి వెళ్తుంది, చందమామ మీదికి వెళ్తుంది, చేపలు అమ్ముతుంది, తూకం అయ్యాక గుప్పెడు మెత్తళ్ళు పైన వేసి వస్తుంది. కొసరు అనే మాట వాళ్ళ తమిళంలోనూ ఉంది. పిల్లలే పేరు పెట్టేశారు, కొసరవ్వ అని.

మార్చిలో ఆఫీసులో బొమ్మలేసే అతను సెలవు పెట్టాడు. బడిపిల్లలు చేతులు కడుక్కోవాలని చెప్పే పోస్టరు ఒకటి అర్జెంటు. మా యజమాని అణ్ణామలై సార్ తల పట్టుకుని కూర్చుంటే, జాలిపడి నేను కొసరవ్వని వేసిచ్చాను. నా జాలిని చెప్పుతో కొట్టాలి. ఇప్పుడు ఆ అవ్వని తీసుకెళ్ళి గడ్డకట్టిన రొయ్యలమ్మే కంపెనీకి ఇచ్చేశాడు. ప్యాకెట్ మీద బొమ్మగా. చెరువు రొయ్యలు, మామయ్యా. చెరువుల నీళ్ళు వదిలి మన కాలవలో చేపని చంపేశారని, ఆ రొయ్యని అమ్మమ్మ జీవితంలో గంపలో వేయలేదు. ఆవిడ మొహం మీద ధర స్టిక్కరు అంటిస్తారట.

నాకు అసహ్యంతో అన్నం దిగడం లేదు. బస్టాండు దగ్గర ఒక కుర్రాడు అమ్మే కార్మిక హక్కుల చిన్న పుస్తకాలు చదువుతుంటాను, వాటిలో స్పష్టంగా ఉంది: ఏ చెయ్యి చేసిందో ఆ చెయ్యిదే సొత్తు. నాకు వాటా వద్దు, జీతం పెంచొద్దు. అవ్వ ప్యాకెట్ మీద నుంచి దిగాలి, అంతే. దీనికోసం కొట్లాడతాను. అమ్మమ్మ కొసరు సంగతులు నీకు గుర్తున్నవన్నీ రాయి.

ఇంకా అరవని
కీర్తి


యానాం
20 జూన్ 2025

కోపాల కీర్తికి చిన్నబ్బాయి మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం మీ అత్తకి చదివి వినిపించాను. అమ్మ బొమ్మ ప్యాకెట్ మీద వస్తోందనేసరికి ఆవిడ మిగతాది వినకుండా దేవుడి గూట్లో దీపం పెట్టేసింది. మేం ఇక్కడ ఎంత సంతోషించామో నీకు తెలీదు. అమ్మ జీవితమంతా ఎండలో తిరిగింది, ఒక్క అరుగు మీద కూర్చోమన్నవాళ్ళు లేరు. ఇప్పుడు పెద్ద పెద్ద షాపుల్లో ఫ్రిజ్జులో చల్లగా కూర్చుంటుంది. రేవులో అందరికీ చెప్పాను.

నువ్వు అసహ్యం అని రాశావు, అది వయసు వేడి అనుకుంటాను. నా సంగతే చూడు. ఈ ఏటి మీద తిరిగే పడవల్లో సగం నేను రంగులేసినవే. పేరు ఏం రాయాలో వాళ్ళు చెప్తారు, రాస్తాను. వెనక వైపు మాత్రం, అడక్కపోయినా, ఒక చిన్న చేపని వేసి వదుల్తాను. అది నా కొసరు. పడవ అమ్ముడుపోతే చేప కూడా దాంతోనే పోతుంది. ఏనాడైనా వెంటపడి నా చేప నాకిచ్చెయ్యండి అన్నానా? ఇక నీ చిన్న పుస్తకాలంటావా, అవి ప్రెస్సులో అచ్చు వేసిన చెయ్యివా, రాసిన చెయ్యివా? ఈసారి ఆ పుస్తకాలమ్మే కుర్రాణ్ణి అడుగు, ఏం చెప్తాడో చూద్దాం.

కొసరు గురించి అడిగావు. అమ్మ ఇచ్చిన కొసరుని ఎన్నడూ వెనక్కి అడగలేదు. నాకు తెలిసింది ఇదే. నువ్వు కూడా ఇచ్చావనుకో, వదిలెయ్యి.

గోదావరి అప్పుడే ఎర్రబడింది. మీ అత్త మోకాలు మళ్ళీ మొదలు. ప్యాకెట్లు రాగానే ఒక నాలుగు పంపు, పటం కట్టిస్తాను.

అమ్మ కొడుకు
చిన్నబ్బాయి


ఒర్లియంపేట
1 జూలై 2025

మామయ్యా,

పటం కట్టిస్తావా. కట్టించు. చుట్టూ రొయ్య మీసాలతో దండ కూడా వెయ్యి.

నీ ఉత్తరం నేను అద్దెకుంటున్న ఇంటామె మణియమ్మగారికి చదివి వినిపించాను. పుట్టింది, పెరిగింది ఇక్కడే, ఇంట్లో మాట్లాడేది తెలుగే, అక్షరం మాత్రం రాదు. మన ఉత్తరాలంటే ఆవిడకి సీరియల్. విని, "ఏంది పాపా, చచ్చిపోయినామెని గూడా పనిలో పెట్టుకుండారా వాళ్ళు?" అంది. పుస్తకాల్లో కూడా ఇంత సూటిగా రాసినవాణ్ణి చూడలేదు.

నేను అణ్ణామలై సార్‌ని నిలదీశాను. ఆయన గదిలో 'మనమంతా ఒకే కుటుంబం' అని గోడకి రాసి ఉంటుంది. అది తెలుగు చేసింది నేనే, నాకు నేనే ఛీ అనుకున్నాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బావుండేది. చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు: "కుర్చీ నాది, కంప్యూటర్ నాది, నువ్వు అక్కడ కూర్చున్న టైము నాది. బొమ్మ ఒక్కటే నీది ఎలా అవుతుందమ్మా?" నేను అనువాదానికి కూర్చున్నానని, బొమ్మ షెడ్డు గోడ మీద పుట్టిందని, అందులో ఉన్నది మా అమ్మమ్మ అని, నమ్మకపోతే యానాం వెళ్ళి కనుక్కోమని చెప్పి వచ్చేశాను. ఆయన పక్కనున్న దీపాని చూశాడు. ఆవిడ కంపెనీ తరఫున బేరాలు మాట్లాడే మనిషి. ఏదో రాసుకుంది. రాసుకోనీ.

తర్వాత బస్సెక్కి కాలాపేట వెళ్ళాను, అక్కడి విశ్వవిద్యాలయంలో లా చదివే నా స్నేహితురాలు తేన్మొళి కోసం. నా చిన్న పుస్తకం చూసి అది వినడానికి బావుంటుందంది. చట్టం మాత్రం అలా లేదట. ఉద్యోగంలో భాగంగా చేసింది, వేరే ఒప్పందం ఏమీ లేకపోతే, యజమానిదే. వింటుంటే ఒళ్ళు మండిపోయింది. అయితే బొమ్మలేయడం నా ఉద్యోగంలో భాగమే కాదని, అవ్వ అంతకుముందే బయట పుట్టిందని గట్టిగా చెప్పగలిగితే దారి ఉందట. అవ్వ ఫలానా మనిషి అని ఇంటివాళ్ళు చెప్తే మరీ మంచిదట.

కాబట్టి మామయ్యా, నీ మాట నాకు కావాలి. ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు, మొహమాటం లేకుండా చెప్పు.

నీ పడవ చేపలకీ నా అవ్వకీ ఏదో తేడా ఉంది. ఏమిటో నాకు దొరకడం లేదు. దొరికితే రాస్తాను.

కీర్తి


యానాం
16 జూలై 2025

అమ్మాయ్ కీర్తీ,

ఈ ఉత్తరం చదివాక నీ మొహం ఎలా వెలుగుతుందో చూడాలని ఉంది.

మీ దీపా వచ్చింది. రైల్లో కాకినాడ దిగి, కారు మాట్లాడుకుని, వర్షంలో మన వీధి వెతుక్కుంటూ వచ్చింది. మన తెలుగు పిల్లే, నెల్లూరు వైపు. అరుగు మీదే చెప్పులు విడిచి, నేరుగా అమ్మ పటం దగ్గరకెళ్ళి దండం పెట్టుకుంది. అలాంటి పిల్లని పట్టుకుని నువ్వు బేరాల మనిషి అని రాశావు. మీ అత్త చేపల పులుసు చేస్తే వేళ్ళు నాకింది. పటం ముందు పెట్టమని చీర తెచ్చింది, మెరూన్ రంగుది, అమ్మకి ఆ రంగు ఇష్టమని నువ్వు చెప్పావేమో అనుకున్నాను.

అమ్మ గురించి అడిగింది. ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పమని నువ్వే రాశావు కదా, అన్నీ చెప్పాను. వీధిలోకి రాగానే వేసే కేక దగ్గర్నుంచి వక్కల సంచీ దాకా. అంతా ఫోన్‌లో రికార్డు చేసుకుంది. పోయేముందు ఇంగ్లీషు కాగితం ఒకటి ఇచ్చి సంతకం పెట్టమంది. ఇదేమిటమ్మా అంటే, "కీర్తికి మంచి జరగడానికే మావయ్యా, ఇంటివాళ్ళ ఆశీర్వాదం కింద" అంది. పెట్టాను. నీకు పెద్ద ఉద్యోగం ఇవ్వబోతున్నారట, బొమ్మల విభాగం మొత్తం నీ కిందే. నువ్వు చెప్పలేదేం?

చదవకుండా పెట్టావా అని అడుగుతావు, నాకు తెలుసు. మన ఇంట్లో అన్నం తిని ఇంకా చెయ్యి తడి ఆరని మనిషి కాగితం ఇస్తే, కళ్ళజోడు తెచ్చుకుని అక్షరం అక్షరం చదువుతారా? అంతకంటే ఆ పిల్లని దొంగవి అనడం నయం.

కోపం తగ్గించుకుని వాళ్ళతో మంచిగా ఉండు.

మీ మామయ్య


ఒర్లియంపేట
25 జూలై 2025

చిన్నబ్బాయిగారికి,

మామయ్యా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మీరు ఆశీర్వదించిన కాగితం నాకు చూపించారు. కొసరవ్వ అనేది కోస్తా చేపల ఆడవాళ్ళని చూసి కంపెనీ సొంతంగా తయారుచేసుకున్న బొమ్మ అట. ఫలానా మనిషి కాదట. మా కుటుంబానికి దాని మీద ఏ అభ్యంతరమూ లేదట. కింద మీ సంతకం, ఎంత అందంగా ఉందో, పడవ మీద పేరు రాసినట్టు. తేన్మొళి చదివి మడిచి నా చేతిలో పెట్టింది.

ఇంకా ఉంది. ఇకమీద నేను ఎక్కడా, ఏ గోడ మీదా కొసరవ్వని వేయకూడదని కంపెనీ నాకు రాతపూర్వకంగా చెప్పింది. వైతికుప్పం పేరు రాసి మరీ చెప్పింది. నా అమ్మమ్మని నేను వేస్తే అది దొంగతనం. పిల్లలతో నేనే గోడ కడిగించాను. ఒక పిల్ల ప్యాకెట్ ప్రకటన ఎక్కడో చూసిందట, "అవ్వకి ఉద్యోగం వచ్చిందా అక్కా, అందుకే ఇక రాదా?" అని అడిగింది. ఏం చెప్పమంటారు?

పై పదవి ఇస్తామన్న మాట నిజమే. పిలిచి చెప్పారు, దీపా కేకు కూడా కోయించింది. ఆ కేకు రుచి ఇంకా నోట్లోంచి పోవడం లేదు. మొదటి పనిగా ఆంధ్ర ప్యాకెట్ల కోసం ఒక వాక్యం తెలుగు చేయమన్నారు: 'మీ కొసరు మీరే తీసుకోండి.' అంత చిన్న వాక్యం. చదవగానే కాగితం తిప్పి ఇచ్చేశాను, ఎందుకో చెప్పలేను. చేయనన్నాను. కంప్యూటరు చేత చేయించుకున్నారు. ప్యాకెట్ మీద అవ్వ పక్కన ఒక చెయ్యి కూడా గీయించారు. ఆ చెయ్యి నేను వేసింది కాదు.

మీ అమ్మని ఒక చీరకి ఇచ్చేశారు. మణియమ్మగారు ఈ ముక్క కొట్టెయ్యమంది. "పెద్దోళ్ళని అట్ల అనగూడదు పాపా" అంది. కొట్టెయ్యను.

కీర్తి


యానాం
30 ఆగస్టు 2025

కీర్తికి,

నీ ఉత్తరం మీ అత్తకి చదవలేదు. వరద వచ్చింది, పోయింది, బురద తోశాం, అందుకే ఆలస్యం అని రాయొచ్చు. అందుకు కాదు. నువ్వు గారు అని రాస్తే ఏమని మొదలుపెట్టాలో తెలీలేదు.

నిన్న మార్కెట్టు వీధి షాపులోకి ప్యాకెట్ వచ్చింది. నాలుగు కొందామని వెళ్ళి ఒకటి తీశాను. అమ్మే. ఆ పుడకలు, ఆ నవ్వు. నువ్వింత బాగా వేస్తావని నాకు తెలీదు. తర్వాత కింద చూశాను. అమ్మ గంపలో ఒక చెయ్యి ఉంది. ఉంగరాల చెయ్యి. అమ్మ అలా నవ్వుతూ ఉంటే ఆ చెయ్యి తనంతట తనే లోపలికి దూరి తీసుకుంటోంది. పక్కన ఆ వాక్యం. ప్యాకెట్ తీసినచోటే పెట్టేసి వచ్చేశాను.

నేను నీకు తప్పు రాశాను. అమ్మ కొసరు వెనక్కి అడగలేదని రాశాను. ఒకసారి అడిగింది. అడగడం కూడా కాదు. కోర్టు వెనక పెద్ద మేడ ఉండేది, ఆ ఇంటావిడ చందువలు కొంది. తూకం అయింది. అమ్మ కొసరు వేయడానికి వంగేలోపు ఆవిడ, "నాది నేనే తీసుకుంటాలే" అని గంపలో చెయ్యి పెట్టేసింది. మెత్తళ్ళే, అమ్మ ఎలాగూ వేసేవే. అమ్మ ఆవిడ గిన్నెలోంచి చందువలు కూడా తిరిగి గంపలోకి వంపేసుకుంది. ఆవిడిచ్చిన డబ్బు మెట్టు మీద పెట్టేసింది. "చేప కొన్నావు, సరే. ఇచ్చేది నా చెయ్యి. గంపలో చెయ్యి పెడితే ఇంక నీకు నేనేమీ అమ్మను" అంది. గంప నెత్తికెత్తుకుని వెనక్కి చూడకుండా వచ్చేసింది. ఆ రోజు ఇంకెక్కడా బేరం తగల్లేదు. నేను వెంటే ఉన్నాను, అంత చిన్నదానికి ఎందుకమ్మా అని దారంతా సణిగాను. ఆ వీధికి మళ్ళీ వెళ్ళలేదు మేము.

నువ్వు తేడా దొరకడం లేదని రాశావే, ఇదే. నా చేప నేనే వేసిచ్చాను. నీ దగ్గర తీసుకున్నారు.

చీర పార్సిల్లో తిప్పి పంపాను. సంతకం వెనక్కి తీసుకుంటున్నానని కంపెనీకి రిజిస్టరు ఉత్తరం రాశాను, జవాబు లేదు. నీ చదువుకున్న స్నేహితురాలికి చెప్పు, అది పనికొస్తుందేమో. ఇంకో మాట. చదవకుండా సంతకం పెట్టినందుకు నేను సిగ్గుపడాలని నీ ఉత్తరం నిండా ఉంది. పడను. రేపు ఇంకెవరైనా నా ఇంట్లో అన్నం తిని కాగితం ఇస్తే మళ్ళీ చదవను. తిన్న చేత్తో ఆ కాగితం తీసినవాళ్ళది సిగ్గు.

అమ్మని చీరకి ఇచ్చానన్న ముక్క మాత్రం కొట్టేసి ఉండాల్సింది.

చిన్నబ్బాయి


ఒర్లియంపేట
18 సెప్టెంబర్ 2025

మామయ్యా,

కొట్టేశాను. ఆ ఉత్తరం నీ దగ్గరే ఉంది కాబట్టి నువ్వే ఒక గీత గీసెయ్యి, నా పేరు మీద.

నీ ఉత్తరం మణియమ్మగారికి చదివాను. మేడ ఇంటావిడ దగ్గరికి రాగానే ఆపమని, ఆ ముక్క మళ్ళీ చదివించుకుంది. "ఆమెని జూడాల్సింది నేను" అంది. ఆ వాక్యం నేను ఎందుకు తిప్పి ఇచ్చేశానో నాకు అప్పుడు తెలిసింది.

తేన్మొళి నీ రిజిస్టరు ఉత్తరం సంగతి విని, వాదించొచ్చు, కానీ ఏళ్ళు పడుతుంది, గెలుస్తామని చెప్పలేను అంది. పేరు చెప్పుకునే హక్కు మాత్రం చేసినవాళ్ళదే, దాన్ని ఎవరూ తీసేయలేరు, అది అడుగు అంది. అడిగాను. అణ్ణామలై సార్ వెంటనే ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోవడం చూస్తే నాకు మరీ రోత పుట్టింది. ప్యాకెట్ వెనక, ఎంత ఉప్పు ఎంత కొవ్వు అని రాసేచోట, చీమ తలకాయంత అక్షరాల్లో నా పేరు వేస్తారట. ఆ చెయ్యి తీసేయండి, పేరు వద్దు అన్నాను. చెయ్యి వల్లే అమ్మకం బావుందన్నాడు. దీపావళికి అవ్వవి కొత్త బొమ్మలు కావాలట, నేనైతే బాగా వేస్తానట, అవ్వ గంప నిండుగా, చుట్టూ చాలా చేతులు. చాలా చేతులు, మామయ్యా.

రాజీనామా ఇచ్చేశాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు, ఇంత చిన్నదానికి ఎందుకమ్మా అన్నాడు. అన్ని మంచి ఇళ్ళల్లోనూ అదే మాట అంటారు కాబోలు. చిన్న పుస్తకాలు ఎలా కొట్లాడాలో చెప్పాయి గానీ, ఎలా లేచి రావాలో చెప్పలేదు. అది అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను. కేసు వేస్తానో లేదో తర్వాత చూస్తాను. ముందు గంప ఎత్తుకున్నాను.

వైతికుప్పం షెడ్డుకి వెళ్ళాను. కడిగిన గోడ మీద అవ్వని వేశాను. ముఖం వాళ్ళదని కాగితంలో ఉంది, పుడకలు వాళ్ళవని ఉంది, నవ్వు వాళ్ళదని ఉంది. వీపు గురించి ఎవరూ రాసుకోలేదు. వెనక నుంచి వేశాను. నెత్తి మీద గంప, కింద చుట్టకుదురు, ఒక చెయ్యి పైకెత్తి గంపని పట్టుకుని, నడిచి పోతోంది. అడగకముందే పిల్లలు గుర్తుపట్టేశారు. ఎవరి దగ్గర్నుంచి పోతోంది అన్నారు. గంపలో చెయ్యి పెట్టినవాళ్ళ దగ్గర్నుంచి అన్నాను. ఎదురుగా కూర్చుని కథ చెప్పమన్నారు.

దీపాకి ఎవరో ఫోటో పంపినట్టున్నారు. ఇది మా అవ్వేనా అని మెసేజ్ పెట్టింది. మీ అవ్వకి ముఖం ఉంది కదా, పోల్చి చూసుకోండి అని జవాబిచ్చాను.

ఈ బొమ్మ నీకు కాగితం మీద వేసి పంపుతున్నాను. ఎవరినీ అడగనక్కర్లేదు, నేనే ఇస్తున్నాను. ఈసారి రంగులేసే పడవకి, ఆ చిన్న చేప వేసేచోట, ఇది వెయ్యి. పడవ ఏట్లోకి పోతుంటే ఒడ్డున నిలబడ్డవాళ్ళకి కనిపించేది వెనక భాగమే కదా.

అత్తకి ఇది చదివి వినిపించు, మొత్తం.

నీ మేనకోడలు
కీర్తి